ఎర్రోణ్ణి కట్టెయ్యమన్న రోజు

మా చిన్నప్పుడు... పుల్లావు ఈనే రోజు వచ్చిందంటే మామ్మ ముందు చేసే పని ఎర్రోణ్ణి కట్టెయ్యడం. ఎర్రోడంటే మా కుక్క. ఐదేళ్ళుగా ఆ ఆవు పాలే తాగి పెరిగాడు. చలికాలంలో దాని పొట్టకి ఆనుకునే పడుకునేవాడు. అయినా సరే, దూడ పుట్టిన మూడు రోజులూ వాడు పశువుల పాకలోకి రాకూడదు.

నర్సీపట్నంలో ఊరి చివర ఇల్లు మాది. వెనకంతా చెరకు తోట. నేను చెప్పే రోజున అమ్మా నాన్నా నక్కపల్లిలో పెళ్ళికి వెళ్ళారు. పొద్దున్నుంచే ఆవు లేస్తూ, పడుకుంటూ ఉంది. మామ్మ తాడు తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టింది.

"కోడల్నైనా నమ్ముతావు గానీ దీన్ని నమ్మవేటమ్మా?" అన్నాడు చిన్నాన్న నవ్వుతూ.

"కోడలు దూడని తినదురా. బేగి కట్టు."

మునగ చెట్టుకి కట్టేసి ఆయన తోటలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి దూడ పుట్టింది. తెల్లగా, తడితడిగా... మామ్మ నా చేతికి కర్ర ఇచ్చింది.

"దూడ ఎనకాల పడాల్సిన మావి ఇంకా పడనేదు. ఆవుకి బెల్లం నీళ్ళు కాసి తెస్తాను. కుక్క గానీ కాకి గానీ దగ్గరికి రాకూడదు. సెప్తన్నాను గుంటా."

ఆవిడ అటు వెళ్ళగానే ఎర్రోడు ఒకటే ఏడుపు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బళ్ళో నా గొంతు మేష్టారికి కూడా వినపడేది కాదు. నేను మాట్లాడేదల్లా వాడితోనే. జాలేసింది. దూడని ఒక్కసారి చూపించి మళ్ళీ కట్టేద్దామనుకున్నాను.

విప్పాను.

తోక ఊపుకుంటూ వచ్చాడు. దూడ వీపు నాకాడు. మామ్మకేమీ తెలీదు అనుకున్నాను...

అంతలో తోక ఆగిపోయింది. ముక్కు దూడ బొడ్డు దగ్గర ఆగింది. చెవులు వెనక్కి పోయాయి. "ఎర్రోడా" అని పిలిచాను. అది నా వైపు చూడలేదు. ఆవు వెనకాల కారిన నెత్తురు నాకి, మళ్ళీ వచ్చి దూడ చెవి పట్టుకుని లాగింది.

దూడ అరిచింది. నేనూ అరవాలి... గొంతు రాలేదు. కర్రతో కొట్టాను. పళ్ళు బయటపెట్టి నా మీద గుర్రుమంది. పొద్దున్నే నా చేతిలో చద్దన్నం తిన్న కుక్క! దూడని మరో జానెడు ఈడ్చింది. ఆవు గింజుకుంటోంది గానీ పలుపు చాలడం లేదు.

నాకింకేమీ తోచలేదు. రాటకి వేసిన పలుపు కొస పట్టుకుని బలమంతా పెట్టి లాగాను. ముడి ఊడింది.

పుల్లావు నన్ను తోసుకుంటూ పోయింది. గోడకి కొట్టుకుని పడ్డాను. కళ్ళు తెరిచేసరికి కుక్క పెరట్లో కుంటుతూ పరిగెడుతోంది. ఆవు దూడ మీద నిలబడి బుసలు కొడుతోంది. గుమ్మంలో మామ్మ, చేతిలో బెల్లం నీళ్ళ తపేలా...

దూడ బతికింది. కుడి చెవి సగమే మిగిలింది.

సాయంత్రం చిన్నాన్న దుడ్డుకర్ర తీస్తే మామ్మ అడ్డుపడింది. "దాన్నేటి కొడతావు? కుక్క కుక్క పనే సేసింది. నువ్వే మునగ చెట్టు కాడ ముడి సరిగ్గా ఎయ్యనేదు."

"గట్టిగానే ఏసేనమ్మా..." అంటూ ఆయన తల దించుకున్నాడు.

స్తంభం వెనక నిలబడి అంతా విన్నాను. విప్పింది నేనని అప్పుడూ, ఇన్నేళ్ళలోనూ చెప్పలేదు. చిన్నాన్నా... తప్పు నాదే.

ఎర్రోడు ఆ తర్వాత కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. రోజూ నేనే అన్నం పెట్టాను. కానీ వాడి పళ్ళ వైపు చూడకుండా ఒక్కనాడూ పెట్టలేదు.

ఇప్పుడు యలమంచిలిలో మా అత్తవారింట్లోనూ ఒక కుక్క ఉంది. పాప ఉయ్యాల కిందే పడుకుంటుంది. "మన కుక్కేనమ్మా, ఏటీ సెయ్యదు" అంటారు అత్తయ్యగారు. ఎవరికీ ఎదురు చెప్పడం నాకు చేతకాదు. లేచి వెళ్ళి పాపని ఎత్తుకుంటాను. అందరూ నవ్వుతారు... నవ్వనీ.

అప్పట్లో కుక్కకి ముద్ద పెట్టే చెయ్యే, అవసరమైన రోజున తాడూ కట్టేది. ఇప్పుడు ముద్దు చెయ్యడం ఒక్కటే మిగిలింది... మీ ఇళ్ళల్లోనూ మా మామ్మలా "ఏమో, నమ్మకండి" అనే పెద్దావిడ ఉండేవారా? ఆవిడ మాట విన్నారా, నాలాగే వినలేదా?