నాన్న ఎక్కని కొబ్బరిచెట్టు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పూట మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది నా గొప్పతనం కాదు. నేను మన దేశం వదిలొచ్చి ఇక్కడ బుకిట్ పంజాంగ్‌లో ఉంటాను, బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ తెల్లారేసరికి నడుము కొయ్యబారిపోయేది, నా భార్య సునీత చంకల కింద చేతులు పెట్టి లేపితే తప్ప మంచం దిగలేకపోయేవాణ్ణి, సాక్సులు కూడా ఆమే తొడిగేది, ట్రైన్ స్టేషన్ మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని అయ్యో దేవా, ఇంకెన్నాళ్లని ఏడ్చేవాణ్ణి! కూర్చుని చేసే ఉద్యోగం కదా అన్నారందరూ. కుర్చీ మార్చాను, పరుపు మార్చాను. సెలవు పెట్టి పడుకుంటే ఇంకా బిగుసుకుపోయేది.

మీ ఇంట్లో ఇలా ఎవరికైనా ఉందా అని డాక్టర్లు అడిగినప్పుడల్లా లేదనే చెప్పాను. నాకు తెలిసింది అదే సహోదరులారా! మా కోనసీమలో నాన్న నేలవైపే చూస్తూ నడిచేవాడు, తలెత్తి మా మొహాలు చూడలేకపోయేవాడు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడని అమ్మ చెప్పేది. ఆయన్ని ప్రభువు పిలిచిన రోజున పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టలేక, పక్కకు తిప్పి మూత వేశారు. ఆ మూత చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

ఒక ఉదయం నా కుడికన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయాను. కంటి డాక్టరమ్మ కన్ను చూసి నడుము గురించి అడిగింది, తర్వాత నాన్న గురించి అడిగింది. చెట్టు మీంచి పడ్డ మనిషి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వంగడే అంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే వెన్నుపూస కీళ్ల మీద తిరగబడే జబ్బు ఇది, జన్యువుల వల్ల కుటుంబంలో దిగిరావచ్చు, ఆ జన్యువున్న వాళ్లందరికీ రావాలని లేదు అని చెప్పి రక్తపరీక్షకు పంపింది.

అమ్మకు ఫోన్ చేశాను. డాక్టరమ్మ అన్న మాట చెప్పాను.

"మీ నాన్న ఏ చెట్టూ ఎక్కలేదురా అబ్బాయ్. మీ తాతకీ ఇదే. పడ్డాడంటే అయ్యో అంటారు, వంశంలో ఉందంటే మీ అక్కనెవడు చేసుకుంటాడు?" అని భోరుమంది. వెంటనే ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ, నా నోటిని క్షమించు, నా బిడ్డ నడుము నిలబెట్టు!"

నాకు ఒళ్లు మండిపోయింది. కొన్నాళ్లు ఫోన్ ఎత్తలేదు. పితరుల శాపమన్నవాళ్లు కూడా ఉన్నారు, నేనూ సగం నమ్మాను! చివరికి మోకరించలేక మంచం పట్టుకుని నిలబడే మొరపెట్టాను. "ప్రభువా, ఇది శాపమైతే తీసెయ్యి, జబ్బైతే వైద్యం చూపించు, అమ్మ మీద కోపం మాత్రం ఇవ్వాళే తీసెయ్యి!" అమ్మకు ఫోన్ చేశాను, ఇద్దరం ఏడ్చాం.

పరీక్షల్లో అదే జబ్బని తేలి ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఇప్పుడు నా సాక్సులు నేనే తొడుక్కుంటున్నాను, దేవునికే మహిమ! ఈలోగా మెడలో అతుక్కుపోయిన పూసలు మాత్రం విడిపోలేదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి, అది ఇక ఇంతే.

మొన్న మా అమ్మాయి ఇక్కడి పిల్లల యాసలో అడిగింది, "డాడీ, నాకు కూడా వస్తుందా? ట్రూత్ చెప్పు లా."

"రావచ్చు, రాకపోవచ్చు తల్లీ. నడుము పట్టేస్తే ఆ రోజే చెప్పు" అన్నాను.

సహోదరులారా, మీ ఇళ్లలోనూ ఇలాంటి అబద్ధపు చెట్లుంటే ప్రభువు పాదాల దగ్గర పెట్టండి, డాక్టరుకూ చెప్పండి, ప్రభువు సిగ్గుపరచడు! రేపు నన్ను వెల్లకిలా పడుకోబెట్టగలరో లేదో నాకు తెలియదు. నా బిడ్డకు మాత్రం ఆ చెట్టు కథ చెప్పను. ఆమేన్.