పెద్దమ్మ చెట్టు అంతస్తులు

మొన్న గవర్నర్‌పేటలో గాజు సామాన్ల కొట్టాయన చెక్కపెట్టె మూత ఊడదీస్తుంటే, ఏ కొండప్రాంతపు కర్రతో చేశారో, దాని జిగురు వాసన గుప్పున ముక్కుకి తగిలింది. కొనాల్సిందేదో మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. నాకు ఆ వాసన అంటే భవానీపురంలో మా పెద్దమ్మ ఇంటి వాకిలి.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ఆసుపత్రిలో నర్సు, పెళ్లి చేసుకోలేదు. నేను పుట్టకముందు ఊటీ చూడ్డానికి వెళ్లి, మూరెడు క్రిస్మస్ మొక్కను ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చి గేటు పక్కన నాటిందట. కొబ్బరీ మామిడీ తప్ప ఎరగని ఆ వీధికి సూదాకుల చెట్టు పెద్ద వింత. అది ఏడాదికో వరస చొప్పున కాండం చుట్టూ గొడుగు ఊచల్లా కొమ్మలు వేసేది. వాటిని మేము అంతస్తులనేవాళ్లం. తొంభైలలో డిసెంబరు వచ్చిందంటే చాలు, కృష్ణ మీంచి పొగమంచు వీధిలోకి పాకి, మంకీ టోపీల్లోంచి మా ముక్కులు మాత్రమే కనపడే ఆ పొద్దుల్లో, నూనెలో వేగే గులాబీపువ్వుల వాసనా, కేకు కోసం నానేసిన ఎండుద్రాక్ష వాసనా, చెట్టు జిగురు వాసనా కలగలిసిపోయి, రాలిన ఆకుల తీగలు జడలకు చుట్టుకుని మేము పెళ్లికూతుళ్ల ఆట ఆడుతుంటే, పెద్దమ్మ నిచ్చెన వేయించి పై అంతస్తులో కాగితం నక్షత్రం కట్టించేది.

"పిల్లల్లేరని అందరూ జాలిపడతారెందుకే? ఇదిగో, నాకంటే పొడుగైన కూతురు. నేను పోయినా నా పేరు చెప్పుకుని పెరుగుద్ది" అనేది అమ్మతో. వేళాకోళంగా అన్నా, అది నిజంగానే ఆవిడ ధీమా.

రెండువేల సంవత్సరం దాటాక ఎండల తీరు మారింది. బెజవాడకి ఎండ కొత్త కాదు, రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని వింటూ పెరిగినవాళ్లమే. కానీ పొద్దుగూకినా గోడలు చల్లారకపోవడం, పండక్కి స్వెట్టర్లు బీరువాలోనే ఉండిపోవడం మాకు కొత్త. కొన్నేళ్లకి చెట్టు చివళ్లు ఎర్రబారాయి. పెద్దమ్మ నర్సు కదా, వడదెబ్బ అని తేల్చేసింది. కాండానికి తడి గోనెలు చుట్టి, చెట్టు పాదులో పల్చటి మజ్జిగ పోసి, అందులో ఉప్పు కూడా కలపబోతే అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. పక్కింటి ఖాదర్ మావయ్య గోడ మీంచి చూసి, "సెలైన్ కూడా పెట్టేస్తారేంటండీ సిస్టరుగారూ" అని ఆటపట్టించాడు. పెద్దమ్మ నవ్వలేదు.

ఒకటి రెండు వేసవులు చెట్టు అలాగే లాక్కొచ్చింది. ఆ తర్వాత తల ఎండిపోయింది. కరెంటు తీగల మీద పడుతుందేమోనన్న భయంతో కొట్టించక తప్పలేదు. తాళ్లు కట్టి వీధి పొడవునా పడుకోబెట్టారు. అప్పుడు చూశాం. కింది అంతస్తుల మధ్య గజం ఎడం ఉంది; పైకి పోయేకొద్దీ అది మూరెడై, జానెడై, చివర బెత్తెడు కూడా లేదు. పై కొమ్మలు ఒత్తుగా కనిపిస్తుంటే, ఎత్తులో ఉన్నాయి కాబట్టి కంటికి అలా ఆనుతున్నాయని ఇన్నేళ్లూ అందరం అనుకున్నాం.

రోజూ గేటు తీస్తూ వేస్తూ చూసిన చెట్టు, ఆకు ఎర్రబారడానికి ఎన్నో ఏళ్ల ముందే ఎదగడం మానేసింది. పెద్దమ్మ రోడ్డు మీదే చతికిలబడి, ఆ ఇరుకు కొమ్మల మధ్య వేళ్లు దూర్చి చూసింది.

"ఊపిరాడక పోయిందే నా పిల్ల. వార్డులో ఎవరికి జొరమొచ్చినా మొహం చూసి చెప్పేదాన్ని."

ఊపిరాడక పోయిందన్న మాట దుఃఖంలో అన్నదనుకున్నాను. చల్లటి చోట పుట్టిన ఇలాంటి చెట్లు వేడి పెరిగేకొద్దీ ఒంట్లో తేమను కాపాడుకోవడానికి ఆకుల రంధ్రాలు మూసుకుంటాయనీ, ఇక గాలి అందక ఎదుగుదల ఆగిపోతుందనీ, కొండల మీది అడవులకీ ఇదే గతి పట్టబోతోందనీ కాలేజీలో బోటనీ మేడం చెప్పినప్పుడు బిత్తరపోయాను. పెద్దమ్మ అన్నది అక్షరాలా జరిగింది.

ఇప్పుడు మా వీధిలో ఆ పొగమంచు లేదు, మంకీ టోపీలు లేవు; క్రిస్మస్ పిండివంటలు ఫ్యాను వేసుకుని చేస్తున్నాం. పోయిన డిసెంబరులో పెద్దమ్మ ముచ్చటపడితే కంకిపాడు దారిలో ఉన్న నర్సరీకి తీసుకెళ్లాను. అలాంటి మొక్కే కుండీలో కనిపించింది. పెద్దమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

"నేలలో మాత్రం నాటొద్దండీ. వేసవంతా ఏసీ గదిలో పెట్టుకోండి, బతుకుద్ది" అన్నాడు నర్సరీ ఆయన, ఎరువు ఎంత వేయాలో చెప్పినంత మామూలుగా.

పెద్దమ్మ కుండీని జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టేసింది.

"ఆరుబయట బతకని పిల్లని నేను పెంచలేను నాయనా."