ఎర్రమట్టి, కీచు అక్క, దొరకని మూత

ముందు నా తప్పు నేనే ఒప్పుకుంటా, లేకపోతే మా అత్త ఒప్పిస్తుంది. ఆవిడ చేతిలో మెటల్ డిటెక్టర్ చూసి వీధిలో ఎవరో "అదేంటి?" అని అడిగితే, నా నోరు ఊరుకోక "బంగారం వాసన పట్టే మిషన్" అనేశా. మర్నాడు తెల్లారేసరికి ఇంటి ముందు జనం. ఒకావిడకి చెవి కమ్మ పోయింది. ఒకాయనకి ఉంగరం పోయింది. ఇంకో పెద్దాయనకి ఏమీ పోలేదు, ఏమైనా దొరుకుతుందేమోనని వచ్చాడు. అందరికీ సర్దిచెప్పి పంపాక అత్త నావైపు చూసిన చూపుకి ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అందుకని ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్తా.

అత్త నీళ్ల డిపార్ట్‌మెంటులో పనిచేస్తుంది. రోడ్డు కింద పైపులుంటాయి, పైపులకి అక్కడక్కడా వాల్వులుంటాయి, ఒక్కో వాల్వు మీద ఒక ఇనప మూత ఉంటుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఆ మూతల్ని శుభ్రంగా కప్పెట్టేసి పోతారు. కప్పెట్టింది ఎవరో అడిగితే అందరూ ఆకాశం వైపు చూస్తారు. వెతికి బయటికి తియ్యాల్సింది మాత్రం అత్త. మిషన్ ఎప్పుడూ కీచుకీచుమంటుంది కాబట్టి ఆవిడ పేరు కీచు అక్క అయి కూర్చుంది.

మొదట్లో పంప్‌హౌస్‌లో చేసేది. మోటారు తిరిగే శబ్దం విని దానికేం జబ్బు చేసిందో చెప్పేది. ఆ చెవుల్ని చూసే ఈ పని అప్పజెప్పారు. సెలూన్ నడిపే మామయ్యకి ఆ చెవులంటేనే ఒళ్లు మంట. "నేను పక్కనుంచి పిలిస్తే వినపడదు. మట్టిలోంచి తుప్పు మేకు పిలిస్తే పరిగెడుతుంది" అని గడ్డం గీయించుకోడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. మెడ మీద కత్తి ఉంటుంది కాబట్టి వాళ్లూ అవునవునంటారు.

ఇంట్లో మెట్ల కింద అత్తకి మూడు పాత ప్లాస్టిక్ తొట్లున్నాయి. ఒకదాన్లో ఇసుక, ఒకదాన్లో నల్లమట్టి, ఒకదాన్లో ఎర్రమట్టి. ఒక్కోదాన్లో ఒక బోల్టు పాతిపెట్టి, సెలవురోజు పనీపాటా లేనట్టు మిషన్ పట్టుకుని వాటి ముందు కూర్చుంటుంది. ఇసుక బుద్ధిమంతురాలు, నోరెత్తదు. చావంతా ఎర్రమట్టితోనే. ఆ ఎరుపంతా ఇనుమే కదా, మిషన్‌కి మట్టీ ఇనుములాగే వినపడుతుంది, మూతా ఇనుములాగే వినపడుతుంది. అందుకని ముందు దానికి మట్టిని పరిచయం చెయ్యాలి: ఇదిగో, ఇది మట్టి, దీన్ని పట్టించుకోకు, ఇంకేమన్నా తగిలితే చెప్పు అని.

పాత మిషన్‌లో ఆ పరిచయం చేత్తో చెయ్యాలి. పళ్లెంలా ఉండే కింది భాగాన్ని నేల మీదికి దించుతూ, ఎత్తుతూ, దించినా ఎత్తినా కూత ఒకేలా వచ్చేదాకా నాబ్ తిప్పుతూ ఉండాలి. నడుం విరుగుతుంది. ఈమధ్య వచ్చిన కొత్త మిషన్‌కి ఆటో అని ఒక బటన్ ఉంది. నొక్కితే చాలు, నడుస్తున్నకొద్దీ మట్టిని బట్టి అదే సర్దుకుంటుంది. అత్త దానికి పడిపోయింది. "ఇన్నాళ్లకి చెప్పకుండానే అర్థం చేసుకునేది ఒకటి దొరికింది" అని మామయ్యకి వినపడేలా మరీ అంది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున గట్టు మీద వీధిలో పైపు పగిలింది.

ఆ వీధంతా ఎర్రమట్టీ కంకరా పోసి ఎత్తు చేసినదే. పగిలింది సరిగ్గా లాండ్రీ షాపు గోడ పక్కన. అత్త వెళ్లేసరికి షాపు గచ్చు మీద నీళ్లు ఊరుతున్నాయి, గోడకి కింద నుంచి కిటికీ దాకా బీట పడింది. షాపు వెనక గదిలోనే లాండ్రీ ముసలాయన కాపురం. ఆ గోడ పోతే ఆయనకి షాపూ పోయినట్టే, ఇల్లూ పోయినట్టే.

నీళ్లు కట్టెయ్యాలంటే ఆ వీధి వాల్వు కావాలి. మ్యాపులో వాల్వు దీపస్తంభం పక్కనే ఉంది. దీపస్తంభం మాత్రం ఎప్పుడో అక్కణ్ణుంచి మారిపోయింది.

"అక్కా, పెద్ద వాల్వు కట్టేద్దామంటే ఆసుపత్రికి కూడా నీళ్లు ఆగిపోతాయి" అన్నాడు ఇంజనీరు. కుర్రాడు, మంచివాడు, బూట్లనిండా బురద. "సాయంత్రంలోగా మూత దొరక్కపోతే జేసీబీతో గోడ పక్కనే తవ్వాలి. తవ్వితే ఆ గోడ నిలబడదు."

"నిలబడదని ఆయనకి చెప్పావా బాబూ?"

"నువ్వే చెప్పు అక్కా. నావల్ల కాలేదు."

అత్త చెప్పలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆటో నొక్కి మొదలెట్టింది.

తడిసిన ఎర్రమట్టి పొడిమట్టి కంటే గయ్యాళిది. అడుగడుక్కీ కూతే. ఒకచోట మాత్రం కూత కాస్త వేరేగా, లోతునుంచి వచ్చినట్టు లేచింది. అత్త ఆగి వెనక్కి వచ్చింది. మళ్లీ ఊపింది. ఈసారి కాస్త తగ్గింది. మళ్లీ ఊపింది. ఇంకా తగ్గింది. నాలుగోసారికి అక్కడ ఏమీ లేనట్టే ఉంది.

"మట్టే" అని ముందుకి పోయింది. మధ్యాహ్నం మళ్లీ అటే వస్తే మళ్లీ అదే వరస. "మట్టే" అంది మళ్లీ. ఈసారి గొంతులో అంత ధైర్యం లేదు.

ఇవన్నీ చాలవన్నట్టు లాండ్రీ ఆయన ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని ఆవిడ వెనకాలే తిరుగుతున్నాడు. ఆయన దగ్గరికి వచ్చినప్పుడల్లా మిషన్ కుయ్యిమంటుంది.

"బాబాయ్, ఆ పెట్టె లోపల పెట్టి రా. నిన్ను చూసి అరుస్తోంది ఇది."

"లోపల పెడితే గోడ మీద పడదూ? ఉన్నది ఇదొక్కటే తల్లీ."

"గోడ పడదులే. దూరంగా అయినా జరుగు."

"ఎంత దూరం?"

"మీ ఆవిడ నీమీద అరుస్తున్నప్పుడు నిలబడతావే, అంత."

"అంత దూరమైతే పక్క ఊళ్లో ఉండాలి" అని ఆయన రెండడుగులు జరిగి, పెట్టెని నేలమీద పెట్టి, దాని పక్కనే చతికిలబడ్డాడు. నవ్వడానికి నోరు తెరిచాడు కానీ నవ్వు రాలేదు. బీటవైపు చూస్తూ ఉండిపోయాడు.

అత్తకి ఆయన మొహం చూడ్డం చేతకాలేదు. నిలబడ్డచోటే మిషన్ అటూ ఇటూ ఊపుతోంది. పళ్లెం అంచు పెట్టెవైపు వెళ్లినప్పుడల్లా సన్నగా కూస్తోంది. కూసింది. కూసింది. ఇంకా సన్నగా కూసింది. ఆగిపోయింది.

అత్త చూసింది. పెట్టె అక్కడే ఉంది. కూతే పోయింది.

"బాబాయ్, పెట్టె కదిపావా?"

"ఎక్కడికి కదుపుతా? నేను కూడా కదల్లేదు."

హెడ్‌ఫోన్లు మెళ్లోకి లాగేసి అత్త తల పట్టుకుంది. "ఓరి దీని సర్దుబాటు తగలెయ్య! అలవాటు పడిపోతోందిరా ఇది! ఒకేచోట ఊపితే అక్కడున్న ఇనుముని కూడా మట్టే అనుకుంటోంది!"

ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు. "అంటే అక్కా, పొద్దున నువ్వు మట్టే అన్నచోట..."

"మట్టే అని నేననలేదు, ఇది అంటే నమ్మా. ముందు ఆటో తీసెయ్యాలి."

తీసేసి, వీధి చివర పైపూ గీపూ ఏమీ లేని ఖాళీ జాగాకి వెళ్లింది. "ఇక్కడే ఎందుకక్కా?" అని అడిగాడు ఇంజనీరు. "పరిచయం చేసేటప్పుడు కింద ఇనుము ఉండకూడదు. కానీ మట్టి మాత్రం అదే అయ్యుండాలి, ఆ తడితో సహా" అంటూ ఇంజనీరు చేత నేల మీద బకెట్టుతో నీళ్లు పోయించింది. అవి ఇంకాక పళ్లెం దించింది, ఎత్తింది, నాబ్ తిప్పింది. దించింది, ఎత్తింది, తిప్పింది. నడుం పట్టుకుంటే తిట్టుకుంది. చివరికి పైనా కిందా కూత ఒకే తీరుకి వచ్చింది. తర్వాత సెన్సిటివిటీ తగ్గించింది.

"తగ్గిస్తే అసలు వినపడదేమో కదా?" అన్నాడు ఇంజనీరు.

"బస్టాండులో ఫోన్ మాట్లాడ్డం చేతకాదా నీకు? సౌండు పెంచితే బస్టాండు కూడా పెరుగుతుంది. గోల తగ్గితేనే మాట తెలుస్తుంది."

తిరిగొచ్చి, పళ్లెం నేలకి కాస్త పైన పట్టుకుని నెమ్మదిగా ఊపింది. ఊపింది అనడం కూడా ఎక్కువే, నిద్రపోతున్న పసివాడి మీద దుప్పటి లాగినట్టు లాగింది. మట్టి నోరు మూసుకునే ఉంది. పొద్దున్నటి చోటికి రాగానే కూత లేచింది. వెనక్కి లాగింది, లేచింది. అడ్డంగా తిరిగి లాగింది, లేచింది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

"ఇక్కడ!" అని కాలితో గుర్తుపెట్టింది. "మెల్లిగా తవ్వండి, గోడవైపు గడ్డపార వెయ్యకండి."

కూలీలు పై రోడ్డు తీశారు. దానికింద ఇంకో రోడ్డు. దానికింద కంకర. లాండ్రీ ఆయన పెట్టె వదిలేసి గుంత అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. గడ్డపార ఠంగుమంది. గోడ పక్కన తవ్వడానికని పిలిపించిన జేసీబీ డ్రైవరే అందరికంటే ముందు ఈల వేశాడు.

మూత లేపి, పొడుగాటి ఇనప కడ్డీ వాల్వు తల మీద బిగించి, ఇంజనీరూ అత్తా చెరోవైపు పట్టుకున్నారు. మొరాయించింది. మళ్లీ పట్టారు. కిర్రుమని కదిలింది. ఆపైన మాట విన్నది. అత్త షాపులోకి వెళ్లి గచ్చు మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఊట నెమ్మదించింది. కాసేపటికి ఆగింది. గోడ నిలబడే ఉంది.

చీకటి పడేలోగా గోడకి దుంగలు ఆనించారు. పైపు మర్నాడు గోడ జోలికి పోకుండా పక్కనుంచి మనుషులే తవ్వి మార్చొచ్చని, జేసీబీ అక్కర్లేదని ఇంజనీరు రాసిచ్చాడు. లాండ్రీ ఆయన అత్త బురద పైట వైపు చూశాడు. "అది విప్పి పంపు తల్లీ, పొద్దునకల్లా ఇస్త్రీ చేసి ఇస్తా."

"మీ గోడ నిలబెట్టింది నా పరువు తియ్యడానికా బాబాయ్?" అంది అత్త. ఈసారి ఆయనకి నవ్వొచ్చింది.

ఇదంతా రాసి, నిన్న అత్తకి చదివి వినిపించా. మిషన్‌కి నూనెగుడ్డ రాస్తూ చివరిదాకా విన్నది. ఒక్క అక్షరం మార్చమనలేదు. నాకు అనుమానం వచ్చింది.

"అత్తా, మూత మీద నిలబడి కూడా రెండుసార్లు మట్టే అన్నావని రాశా. ఉంచనా, తీసెయ్యనా?"

"ఉంచరా. నేను సాయంత్రానికల్లా పట్టుకున్నాగా" అంది తలెత్తకుండా. "నీలో బుర్ర ఎక్కడుందోనని మీ అమ్మ నువ్వు పుట్టినప్పట్నుంచీ వెతుకుతోంది, ఇంతవరకూ కుయ్యిమన్లేదు."