ఉరుకుందప్ప పియానోకు గాలి పట్టించిన రోజు

1955 వేసవిలో నన్ను బేతంచెర్ల స్టేషనుకు గూడ్సు క్లర్కుగా వేశారు. వచ్చిన సరుకు దింపించి, తూకం చూసి, రసీదు పుచ్చుకుని సొంతదారుకు అప్పగించడం గూడ్సు క్లర్కు పని. హోదా స్టేషను మాస్టరుకు కింద, హమాలీలకు పైన. తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ వస్తాయి. బేతంచెర్ల నుంచి పోయేవి బండలు, వచ్చేవి ఉప్పు, కిరసనాయిలు. అలాంటి చోటికి ఒకనాటి ఉదయం బళ్ళారి నుంచి పియానో దిగింది.

తెప్పించుకున్నవాడు హార్మోనిస్టు ఉరుకుందప్ప. అవి పద్యనాటకాల రోజులు. కర్నూలు రాజధాని కావడంతో గుమాస్తాలు డేరాల్లో కాపురాలుండి, సాయంత్రాలు తోచక నాటకాలకు పోయేవారు. వాళ్ళలో సగంమంది చూసేది ఉరుకుందప్పనే. లంబాడీ ఆడవాళ్ళచేత అద్దాలు కుట్టించిన కోటు, వేలికో ఉంగరం, మోకాళ్ళ దాకా బూట్లు. పట్టపగలు జట్కాలో వచ్చినా ముందర పెట్రోమాక్సు వెలగాల్సిందే. రాజు వేషగాడు కొడుకు శవం మీద పడి పద్యం ఎత్తుకుంటే, నడుమ ఈయన లేచి కోటు ఇటూ అటూ తిప్పి జనానికి దండం పెట్టేవాడు. జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. ఆదోనిలో ఒకసారి శవం కూడా తల ఎత్తి చూసిందట.

ఆయన వాయించేది కాళ్ళ హార్మోనియం. కింద రెండు తొక్కుడు పలకలుంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే లోపలి తోలు తిత్తిలో గాలి నిండుతుంది, రెండు చేతులతో పైన వాయించుకోవచ్చు. ఇరవై ఏళ్ళు తొక్కిన కాళ్ళు అవి. హోటల్లో కాఫీ తాగుతున్నా బల్ల కింద ఆడుతూనే ఉండేవి.

బళ్ళారిలో దొరల క్లబ్బు మూసేస్తుంటే ఈ పియానో కొన్నాడు. ఊళ్ళో గని యజమాని కొత్త గని తెరుస్తూ, పియానో దిగిన సాయంత్రమే నాటకం పెట్టించాడు. పియానో వస్తోందని నంద్యాల నుంచి కడప దాకా కరపత్రాలు పంచారు. కడప హార్మోనిస్టు ఓబులేసు, ఈయనకు బద్ధ విరోధి, పొద్దున పాసింజరుకే దిగి ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. పియానో మోగకపోతే సీమలో కచేరీలన్నీ ఓబులేసువి, ఉరుకుందప్పకు మిగిలేది నవ్వుబాటు.

దింపేటప్పుడే తిరకాసు మొదలైంది. మా హమాలీ మేస్త్రీ మద్దిలేటి బండలు దింపడంలో మొనగాడు. బండను పడుకోబెడితే పగులుతుంది, అంచు మీద నిలబెట్టాలి. ఆ లెక్కనే పియానోను కూడా అంచు మీద నిలబెట్టాడు. అంటే తలకిందులుగా కాకపోయినా, పక్కవాటుగా. లోపల ఏదో ఘల్లుమంది. మద్దిలేటి మాత్రం, బండకన్నా తేలికే ఉండాది సార్ అని మెచ్చుకున్నాడు.

ఉరుకుందప్ప ప్లాట్‌ఫారం మీదే స్టూలు వేసుకుని కూర్చుని, దీనికీ కింద రెండు తొక్కుడు పలకలుండడం చూసి తొక్కడం మొదలుపెట్టాడు. వేలితో పైన మెట్టు నొక్కితే మోగింది గానీ, మోగిన శబ్దం మోగినట్టే చప్పున తెగిపోయింది. ఇంకా జోరుగా తొక్కాడు. ఇంకా గబగబా తెగింది. అద్దాల కోటులో మనిషికి చెమటలు పట్టాయి.

"సార్, దీంట్లో గాలి పోయిండాది. మీవాళ్ళు యాడనో బొక్క పెట్టినారు," అన్నాడు. ఆ గొంతులో ఏడుపు తెలిసింది, పాపం.

ఓపెన్ డెలివరీ కావాలన్నాడు. సరుకు చెడిందని సొంతదారు అంటే, రైల్వేవాళ్ళ ఎదుటే విప్పి చూసి, ఎంత చెడిందో రాసి ఇవ్వాలి. దాన్నే ఓపెన్ డెలివరీ అంటారు. ఇనస్పెక్టరు గుంతకల్లు నుంచి రావాలంటే మూడు రోజులు. స్టేషను మాస్టరు గారు నన్నే చూడమని బండికి జెండా ఊపడానికి పోయారు. పియానో ముఖం నేనెరుగుదునా? అయినా రిమార్కుల గడిలో ఇంగ్లీషులో 'తిత్తి చెడినది' అని ఠీవిగా రాశాను.

తర్వాత ముగ్గురం బొక్క వెతికాం. వెనక చెక్క ఊడదీసి నేను చెవి పెట్టాను. ఉరుకుందప్ప తొక్కుతుంటే మద్దిలేటి గాజు తీసిన సిగ్నలు దీపం పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఎక్కడా మంట వణకలేదు. గాలి లోపలికీ పోవడం లేదు, బయటికీ రావడం లేదు. మద్దిలేటి తడి గోనెపట్టాలు తెచ్చి సందులన్నీ కుక్కాడు. పైన బంకమట్టి మెత్తాడు. రైలు కోసం వచ్చిన మహానంది భక్తులు అదేదో దేవుడి పెట్టె అనుకుని చెంపలు వేసుకుని పోయారు.

పియానోకు కింద చక్రాలున్నాయి. తొక్కుడుకు అది వాలు మీద జారుతుంటే, ఆపడానికి మద్దిలేటి ఒక బండముక్క తెచ్చి కింద దూర్చాడు. అది చక్రం కిందికి కాక, పోయి కుడి తొక్కుడు పలకను అణిచిపెట్టి దాని మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఉరుకుందప్ప విసుగుతో పది వేళ్ళూ మెట్ల మీద వేసి గుద్దాడు.

ఆ శబ్దం ఆగలేదు. పక్కనున్న నీళ్ళ టాంకీ కూడా పలికింది. గార్డు బండి దిగి వచ్చి చూశాడు.

నేను వంగి లోపలికి చూశాను. అన్నీ తీగలు, వాటిని కొట్టే చిన్న సుత్తులు. తిత్తి అన్న మాటే లేదు. కుడి పలక తొక్కి పట్టినంతసేపూ తీగ మోగుతుంది, వదిలితే ఆగుతుంది. ఈయన వదలకుండా ఎప్పుడు తొక్కాడు గనక! ఆ సంగతి చెప్పాను. ఉరుకుందప్ప వంగి తన బూట్లను చూసుకున్నాడు. కాలు ఒకచోట పెట్టి చూడమంటే ప్రయత్నించాడు. ఊహూ, నాలుగు స్వరాలకు మళ్ళీ ఆడింది.

"సార్, గాలి లేదనే మాట మన ముగ్గురి నడుమనే ఉండల్ల," అన్నాడు చివరికి. "కూసోని ఊరికే వాయిస్తే జనం నన్ను సోమరోడనుకుంటారు. బండ ఆడనే ఉండనీ. నా తొక్కుడు నేను తొక్కుతా."

రిమార్కు కొట్టేసి సంతకం పెట్టించుకున్నాను.

ఆ సాయంత్రం కుడి పలక మీద బండ, ఎడమ పలక మీద రెండు బూట్లు. స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నాలుగు పెళ్ళి మేళాలు ఒకే సందులో ఇరుక్కున్నట్టు వినిపించింది. ఏ పద్యమో రాజు వేషగాడికే తెలియలేదు. జనానికి మాత్రం పూనకం వచ్చింది. అన్ని వన్స్‌మోర్లు నేను మళ్ళీ వినలేదు. ఆట కాగానే ఓబులేసు వేదికెక్కి, దీనికెంత గాలి పడుతుందని వినయంగా అడిగాడు. ఉరుకుందప్ప చెమట తుడుచుకుంటూ, రెండు పూటలా జొన్న సంగటి తినే కాళ్ళయితేనే కుదురుతుందప్పా అన్నాడు.

ఆర్నెల్లు తిరక్కుండా నాకు కడప గూడ్సు క్లర్కు నుంచి రైల్వే కంట్రోలు ఫోనులో కబురొచ్చింది. ఓబులేసు అనే ఆయనకు పియానో వచ్చిందట, తిత్తి చెడిందని ఓపెన్ డెలివరీ అడుగుతున్నాడట, ఏం రాయమంటావని. ముందు ఆయన్ను కాళ్ళు పైకెత్తి వాయించమను, తర్వాత రాద్దువు అని చెప్పాను.

పాడైందని రాసే ముందు, బాగున్నప్పుడు ఆ వస్తువు ఏం చేస్తుందో తెలియాలి. తెలియకపోతే రిమార్కుల గడి ఖాళీగా వదలాలి. రిటైరయ్యేదాకా నేను అలాగే వదిలాను, సంజాయిషీ అడుగుతూ ఒక్క మెమో కూడా రాలేదు.