ఏడడుగుల నీడ

చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆళ్లగడ్డలో మా బడిలో సగంమంది పిల్లలు అంతే. నంద్యాల నుంచి కొత్తగా వచ్చిన అయ్యవారు మమ్మల్ని బెత్తంతో కూర్చోబెట్టలేదు, బయటికి తోలాడు. పుష్యమాసంలో బడి ముందర ఒక కట్టె పాతించి, రోజూ రెండింటి బెల్లుకు దాని నీడ కొలిపించాడు. ఎండలు ముదిరేసరికి, అదే బెల్లుకు నీడ సగానికి సగం కురచయింది. ఎందుకో ఆయన చెప్పడే! మీరే తేల్చండన్నాడు. మీ ఇళ్లలో నీడతో ఏం పనుందో కూడా చూసి రమ్మన్నాడు.

మా ఇంట్లో ఉంది. నాయన, చిన్నాయన కొట్లాడుకుని వేరుపడ్డారు గానీ ఎడ్లతో నీళ్లు తోడే కపిల బావి ఒక్కటే. పొద్దున వంతు నాయనది. మధ్యాహ్నం నాయన తన నీడను తన పాదాలతో కొలుచుకున్నప్పుడు ఏడడుగులు వస్తే ఎడ్లు విప్పాలి, చిన్నాయన కట్టాలి. ఆ మాట అనుకున్నది పుష్యంలోనే. వంతు మారేటప్పుడు ఇద్దరూ గట్టున కూర్చుని ఒకే గిన్నెలో సంగటి తినేవాళ్లు. అన్నదమ్ముల పొత్తు అని మిగిలింది అదొక్కటే.

ఇక నేను ఆగుతానా? మరుసటి రోజు అయ్యవారిని అడిగి, నా తరగతిలోనే ఉన్న చిన్నాయన కొడుకును లాక్కుని బావికి పరిగెత్తాను. బెల్లు అక్కడికి వినబడుతుంది; పుష్యంలో సరిగ్గా అది మోగే వేళకే నాయన ఎడ్లు విప్పేవాడు. వినబడగానే నాయనను నిలబెట్టి నీడ కొలిపించాను. నాలుగడుగులే వచ్చింది. చిన్నాయన ఎడ్లను పట్టుకుని చెట్టుకింద కూర్చుని ఉన్నాడు. ఆయన రాగిపైరు తలలు వేలేసింది. ఇంకో గంటసేపు నీళ్లన్నీ మా మడికే.

"నాయనా, పుష్యంలో ఈ బెల్లుకే ఏడడుగులు వస్తాండె. ఇప్పుడు చిన్నాయన వంతు," అన్నాను. చిన్నాయన కొడుకు నా చెయ్యి గట్టిగా గిల్లాడు. ఎందుకు గిల్లాడో అప్పుడు తెలియలేదు.

మాట మాటేనని నాయన గొణిగాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. "నీకు తెల్సునా ఇది?"

"తెల్సు. పోయినేడు ఎండలప్పుడే తెల్సు."

"మరి అడగల్ల గదా?"

"అడిగితే నీళ్లొస్తాయిలే, అన్నా. సంగటికి నువ్వు కూసుంటావా?"

నాయన ఎడ్లు విప్పాడు.

అయ్యవారు మమ్మల్నిద్దరినీ తరగతి ముందర నిలబెట్టి మెచ్చుకున్నాడు. చిన్నాయన రాగిపైరు కోలుకుంది. నేను నోరు మూసుకుని ఉంటే అది ఎండేది కదా! అయినా నాకు నిమ్మళం లేదు. నాయనకు తమ్ముడి మీద కోపమేమీ రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గుకు మందు లేదు. ఆ రోజు నుంచి రెండింటి బెల్లు వినబడితే చాలు, నీడ కొలవకుండానే ఎడ్లు విప్పేసి, తమ్ముడి మొహం చూడకుండా, సంగటి తినడానికి ఇంటికి వచ్చేసేవాడు.