పాస్టర్ గారి కోసం దాచిన మరుగుదొడ్డి

బేబి గారి గురించి చెప్పాలంటే ముందు నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ మీద కాదు, ఆవిడ భర్త ఎజ్రా గారి మీద.

రామచంద్రపురం దగ్గర మా పేటలో నేను అంగన్‌వాడీ టీచర్ని. బేబి గారిది మా పక్కిల్లు. నాట్లకీ కోతలకీ వెళ్లి వెళ్లి యాభై దాటేసరికే మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఎజ్రా గారు కొబ్బరికాయలు ఒలుస్తారు, చర్చిలో సంఘ పెద్ద. మూడేళ్ల కిందట ప్రభుత్వ పథకంలో వాళ్లింటికి మరుగుదొడ్డి వచ్చింది. గొయ్యి తవ్వి సిమెంటు ఒరలు దింపారు, లోపల తెల్ల టైల్స్ వేశారు, మంచి తలుపు పెట్టారు. ఆయన ఆ తలుపుకి తాళం వేసి, తాళంచెవి బైబిలు సంచిలో పెట్టుకున్నారు.

ఎందుకండీ అంటే, పాస్టర్ గారు వస్తే కావాలట. మన నేలలో రెండడుగులు తవ్వితే నీళ్లు పడతాయి కాబట్టి, ఇంటిల్లిపాదీ రోజూ వెళ్తే గొయ్యి ఇట్టే నిండిపోతుందట. ఆ పాస్టర్ విజయ్ పాల్ గారు నెలకోసారి వస్తారు, టీ తాగుతారు, వెళ్లిపోతారు. ఆ గది వంక ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. నిండితే ట్యాంకర్ వచ్చి తోడేస్తుందని నేను చెప్పాను, గ్రామ సచివాలయం వాళ్లు చెప్పారు. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఇదివరకు ఆడవాళ్లు చాటుకి వెళ్లే చేలన్నీ ఇప్పుడు చేపల చెరువులు. చుట్టూ కంచె, మూలమూలకీ కెమెరా. మిగిలింది దూరంగా ఉన్న కాలవ గట్టు. మా ఇంట్లో దానికి రండి అంటే, రోజూ పరాయింటికి ఎలా వస్తానండీ అని, బేబి గారు వెలుగు రాకముందే కర్ర పట్టుకుని అక్కడికి నడిచేవారు. పగలు అవసరం పడకూడదని మంచినీళ్లు తాగడమే మానేశారు.

ఈ ఏడు నాట్ల రోజుల్లో చలిజ్వరం వచ్చి చేలోనే కూలబడిపోయారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరిందని, నీళ్లు బాగా తాగాలని, ఆపుకుంటే ఈసారి కిడ్నీలకే ముప్పని డాక్టర్ చెప్పారు. ఎజ్రా గారు అంతా శ్రద్ధగా విన్నారు. ఇంటికొచ్చి తాళం తీశారా? లేదు. భార్య స్వస్థత కోసం ఇంట్లో ప్రార్థన పెట్టించారు.

ప్రార్థనకి పేటంతా వచ్చింది. అందరూ కళ్లు మూసుకున్నాక, ఎవరి అవసరం వాళ్లు దేవుడికి చెప్పుకోమన్నారు పాస్టర్ గారు. మొదట బేబి గారే గొంతు విప్పారు.

"ప్రభువా, మా ఇంట్లో మరుగుదొడ్డికి మూడేళ్లుగా తాళం వేసి ఉంది. నేను నీళ్లు తాగలేకపోతున్నాను. ఆ తలుపు తెరిపించు తండ్రీ."

అందరితో పాటు ఎజ్రా గారు కూడా అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు, అందరికంటే గట్టిగా. ఆ తర్వాత కళ్లు తెరిచారు. పాస్టర్ గారు ఆయన్నే చూస్తున్నారు, పేట కూడా ఆయన్నే చూస్తోంది. పెద్దాయన సంచిలోంచి తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టారు.

బేబి గారు చెంబుడు మంచినీళ్లు అక్కడే నిలబడి తాగి, తిన్నగా వెళ్లి తలుపు తీసుకున్నారు. లోపల గడియ పడిందో లేదో, ఆ మహానుభావుడు వెనకాలే వెళ్లి నిలబడ్డారు.

"నీళ్లు కాస్త తక్కువ పొయ్యి బేబీ. గొయ్యి నిండిపోద్ది."

లోపల బకెట్టెడు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించిన చప్పుడయింది.

"ఇన్నేళ్లూ నేను ఆపుకున్నానండి," అన్నారు బేబి గారు. "ఇక గొయ్యి సంగతి మీరు చూసుకోండి."