పద్నాలుగు పళ్లు

చంద్రగిరి ఇంకో మైలు ఉందనగా చిన్నబ్బ కంట్లో ఆ సైకిలు పడింది. తిరుపతిలో సైకిలు సామాన్లు కొనుక్కుని, మోపెడ్ మీద తన అంగడికి తిరిగి వస్తున్నాడతను. ముందు ఒక పెద్దమనిషి, పిల్లల బండికుండేటంత చక్రాలున్న సైకిలు మీద మిట్ట ఎక్కుతున్నాడు. కాళ్లు బుద్ధిగా తిరుగుతున్నాయి. చైను మాత్రం ఊడి కిందికి వేలాడుతోంది.

"అన్నా, ఆపన్నా! చైను ఊడిపోయిండాది!"

ఆగిన మనిషి గంగాధరం. ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిలు తొక్కి కరెంటు మీటర్లు చూసినవాడు. రిటైరై రెండేళ్లయింది. వంగి, ఇంకెవరి బండినో చూసినట్టు చూశాడు.

"ఎప్పుడు ఊడింది?"

"నన్నడగతావేందన్నా? నా అంగట్లో మీటరు ఆగిపోతే వీధిలోనుంచే కనిపెట్టేటోడివి. కాళ్ల కింద చైను ఊడితే తెలీలేదా?"

గంగాధరం నవ్వలేదు. "సక్కెర జబ్బబ్బా. పాదాల్లో ఏమీ తెలీదు. మోటారు లాగతాంటే నేనే తొక్కతాండా అనుకున్నా."

అది 2008 వేసవి. ముందు చక్రంలో మోటారు, సీటు కింద బ్యాటరీ, మధ్యలో మడిస్తే బస్సు సీటు కింద పట్టే సైకిలు. మద్రాసులో ఉన్న మేనల్లుడు పంపాడు. అంగడిదాకా ఇద్దరూ నడిపించుకొచ్చారు. చిన్నబ్బ చైను ఎక్కించబోతే గంగాధరం ఆపాడు.

"చైను ఒకటే కాదు. మోకాలికి పైన నాకింకా బరువు తెలస్తాది. దీన్ని తొక్కితే గాలిని తొక్కినట్టుండాది. కాలికి బరువు తగిలేట్టు చేస్తే రోజూ తిరగతా. లేదంటే ఇంట్లో కూర్చుంటా. అంతే."

చక్రం కనిపెట్టినవాణ్ణి లోకమంతా పొగుడుతుంది గానీ, దాని వెనక పళ్లు లెక్కపెట్టినవాడి పేరు ఎవరూ అడగరు. చిన్నబ్బ లెక్కపెట్టాడు. చైను తిప్పే ముందు చక్రానికి నలభై నాలుగు పళ్లు, వెనకదానికి పద్దెనిమిది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండున్నర చుట్లు కూడా తిరగదు. పెద్ద సైకిలుకు అది సరిపోతుంది, ఒక్క తొక్కుకు పదిహేడు అడుగులు పోతుంది. ఈ బుడ్డ చక్రానికి పదమూడే. మోటారు ముందే పరిగెడుతుంటే కాళ్లు దాని వెనకపడి ఉత్తినే తిరుగుతాయి.

"పద్నాలుగు పళ్లది వేస్తానన్నా. పదహారడుగులు దాటతాది. నీ పాత సైకిలు మాదిరే. మిట్టకు మాత్రం కష్టం."

"కష్టమే కావాల."

చిన్నబ్బ వెనక చక్రం ఊడదీసి, సంచిలోని కొత్త పద్నాలుగు పళ్ల ఫ్రీవీలు బిగించి, రెండు లింకులు తీసి చైను కురచ చేశాడు. గంగాధరం ఎక్కి కోట మలుపుదాకా పోయాడు. పోయేటప్పుడు కుడికాలి చెప్పు అంగడి ముందే జారిపడింది. అది ఆయనా చూడలేదు, చిన్నబ్బా చూడలేదు.

తిరిగొచ్చాడు. దిగాడు.

"ఎట్లుండాదన్నా?"

"తెలిసింది. తొడకు బాగా తెలిసింది."

"సూస్తివా! ఇంక రోజూ తిరుగు."

గంగాధరం చిన్నబ్బ చూపు వెంట కిందికి చూశాడు. కుడిపాదం బోసిగా ఉంది. ఇనప పెడలు అంచున ఉన్న పళ్లు అరికాలిని కోసేశాయి. నేలమీద రక్తపు మరకలు వరసగా ఉన్నాయి, ఆయన దిగినచోటి నుంచి నిలుచున్నచోటుదాకా.

"నొప్పి లేదా అన్నా?"

ఆయన కాలు పైకెత్తి చూసుకున్నాడు. మీటరు మీద అంకె చదివినంతసేపు చూశాడు. కాలు దించి, సైకిలును జాగ్రత్తగా గోడకు ఆనించాడు. స్విచ్చి ఆపేశాడు.

సైకిలు అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టాడు. తారు కాగుతున్న రోడ్డెక్కి, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, కుంటకుండా నడిచిపోయాడు.

"అన్నా, నీ చెప్పు! కట్టు కడతా, ఆగన్నా!" చిన్నబ్బ చెప్పు చేతపట్టుకొని వెనకాలే పరిగెత్తాడు.

గంగాధరం ఆగలేదు.